ఋతువు మారితే విస్తరి మారింది, సేవ మారలేదు: శ్రీకృష్ణదేవరాయల జీవితం



శ్రీకృష్ణదేవరాయలు అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? గుర్రం, కత్తి, అష్టదిగ్గజాలు, తెనాలి రామకృష్ణుడి కథలు. సినిమాలు చూసినవాళ్ళకి మహామంత్రి తిమ్మరుసు కూడా గుర్తొస్తాడు. కానీ ఎండ గురించి, వాన గురించి, చలి గురించి ఇంత దగ్గరగా చూసి రాసిన తెలుగు కవుల్లో ఆయన ముందువరసలో ఉంటారని మన తరంలో చాలామందికి తెలియదు. గోదాదేవి కథ వీడియోలో చెప్పుకున్నాం కదా. ఆ కథని తెలుగులో ఆముక్తమాల్యదగా రాసిన మనిషి కథ ఇక్కడ చెప్తాను. ఎందుకంటే మార్పుని ఎలా ఒప్పుకోవాలి అన్న ప్రశ్నకి ఆయన కావ్యంలో ఒక జవాబు ఉంది. ఆ జవాబుకి పరీక్ష ఆయన జీవితంలోనే జరిగింది.

నాది పొన్నూరు. మా ఊరి సాక్షి భావనారాయణ స్వామి, భక్తుడి మాట నిలబెట్టడానికి కాశీ నుంచి సాక్ష్యం చెప్పడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడని మా పెద్దలు చెప్తారు. రాయలవారి కాలంలో మా ప్రాంతం కొండవీటి సీమ కిందే ఉండేది. ఆ కొండవీటిని ఆయన గెలిచారు. ఇక ఆముక్తమాల్యదకి బీజం పడిన చోటు మాకు కృష్ణ అవతలి ఒడ్డున ఉంది. అందుకే ఈ కథ మాకు ఎక్కడో హంపీలో జరిగినట్టు అనిపించదు.

మేక కళ్ళతో మొదలైన రాజ్యం

రాయలవారి తండ్రి తుళువ నరస నాయకుడు, తల్లి నాగలాదేవి. అన్న వీరనరసింహరాయలు 1509లో చనిపోయాక ఈయన సింహాసనం ఎక్కారు. ఆ ఎక్కడం వెనక ఒక కథ ఉంది. నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి కొన్నేళ్ళ తర్వాత విజయనగరంలో ఉండి విన్న సంగతులన్నీ రాసిపెట్టాడు. ఆయన రాసినదాని ప్రకారం, వీరనరసింహరాయలు చనిపోయే ముందు తన చిన్న కొడుకే రాజు కావాలని, తమ్ముడి కళ్ళు పీకించి తెమ్మని మంత్రి తిమ్మరుసుకి చెప్పాడు. తిమ్మరుసు ఆ పని చెయ్యలేదు. మేక కళ్ళు తెచ్చి చూపించి, కృష్ణరాయలని కాపాడాడు.

నూనిజ్ రాసిందంతా అక్షరాలా జరిగిందని చరిత్రకారులందరూ ఒప్పుకోరు. కానీ రాయలవారు తిమ్మరుసుని తండ్రిలాగా చూసుకున్నారని మాత్రం అందరూ చెప్తారు. ఈ కళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

1513లో రాయలవారు మొదటిసారి తిరుమల వచ్చారు. జీవితంలో మొత్తం 7 సార్లు వచ్చారు. 1514లో ఉదయగిరి కోటని గెలిచాక వచ్చి, 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేశారు. 1518లో ఆనందనిలయ విమానానికి బంగారు పూత పూయించారు. ఈ రోజుకీ తిరుమల గుడి లోపలికి వెళ్ళేటప్పుడు, ఇద్దరు దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవిలతో కలిసి చేతులు జోడించి నిలబడిన ఆయన విగ్రహం కనిపిస్తుంది. క్యూలో తోపులాటలో చాలామంది చూడకుండానే దాటేస్తారు. ఈసారి వెళ్తే ఒక్క క్షణం అటు చూడండి.

తొలి ఏకాదశి నాడు కొండవీడు

ఉదయగిరి తర్వాత కొండవీడు. అప్పటికి అది ఒడిశా గజపతుల చేతిలో ఉంది. 1515 జూన్‌లో కోట లొంగింది. ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు పట్టుబడ్డాడు. ఈ విజయం గురించి మంగళగిరిలో ఒక శాసనం ఉంది. అందులో తిథి కూడా చెక్కారు: ఆషాఢ శుద్ధ హరివాసరం, శనివారం. ఆషాఢ శుద్ధ హరివాసరం అంటే మనం తొలి ఏకాదశి అని చేసుకునే సమయమే.

ఇక్కడ కాస్త ఆగుదాం. తొలి ఏకాదశి అంటే స్వామి యోగనిద్రకి వెళ్ళే రోజు. చాతుర్మాస్యం మొదలయ్యే రోజు. అక్కడి నుంచి నాలుగు నెలలు వానలు. సన్యాసులు ఊళ్ళు తిరగడం ఆపి ఒక్కచోటే ఉంటారు. రాజులు కూడా అంతే, వానల్లో సైన్యం కదలదు. బండ్లు దిగబడిపోతాయి, వాగులు దాటలేరు. మా నల్లరేగడిలో వాన పడ్డాక చెప్పులేసుకుని నాలుగడుగులు వేసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మళ్ళీ శరత్తు వచ్చి, నీళ్ళు తేటపడి, దారులు ఆరితే అప్పుడు కదలాలి. విజయనగరంలో మహానవమి ఉత్సవాలు అంత గొప్పగా జరగడానికి ఒక కారణం ఇదే. భక్తితో పాటు అది సైన్యాన్ని సరిచూసుకునే సమయం కూడా. డొమింగో పాయెస్ అనే ఇంకో పోర్చుగీసు యాత్రికుడు ఆ ఉత్సవాలనీ, రాయలవారు సైన్యాన్ని పరిశీలించడాన్నీ కళ్ళారా చూసి రాశాడు.

అంటే అంత పెద్ద చక్రవర్తి క్యాలెండర్ కూడా ఋతువు చేతిలోనే ఉండేదన్నమాట.

కృష్ణ అవతలి ఒడ్డున కల

కళింగ దండయాత్రకి వెళ్తూ రాయలవారు బెజవాడలో కొన్నాళ్ళు ఆగి, అక్కడి నుంచి శ్రీకాకుళం వెళ్ళారు. ఇది ఉత్తరాంధ్రలో ఉన్న జిల్లా కేంద్రం కాదండీ. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మా వైపు నుంచి రేపల్లె దాటి పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటితే ఆ దారిలోకే వస్తాం. అక్కడ ఆంధ్ర మహావిష్ణువు కొలువై ఉన్నాడు.

ఆ గుడిలో రాయలవారు హరివాసరం ఉపవాసం ఉన్నారు. ఆ రాత్రి కలలో స్వామి కనిపించి, ఇప్పటిదాకా సంస్కృతంలో రాశావు కదా, ఇప్పుడు నా కోసం తెలుగులో ఒక కావ్యం రాయి అన్నాడు. గోదాదేవి తాను ముడుచుకున్న మాలని రంగనాథుడికి ఇచ్చి ఆయన్ని పెళ్ళాడిన కథ రాయమన్నాడు. దాన్ని తిరుమల వేంకటేశ్వరుడికి అంకితం ఇమ్మన్నాడు. ఈ సంగతంతా రాయలవారే కావ్యం మొదట్లో చెప్పుకున్నారు. తాను ముడిచి విడిచిన మాలని ఇచ్చిన అమ్మాయి అని ఆముక్తమాల్యద పేరుకి అర్థం.

యుద్ధానికి వెళ్తున్న మనిషి దారిలో ఉపవాసం ఉండి, ఒక ఆడపిల్ల భక్తి గురించి రాయాలని నిర్ణయించుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

విష్ణుచిత్తుడి వంటిల్లు

గోదాదేవిని పెంచిన తండ్రి విష్ణుచిత్తుడు, అంటే పెరియాళ్వారు. ఊరు శ్రీవిల్లిపుత్తూరు. రోజూ స్వామికి పూలమాల కట్టడం, ఇంటికి వచ్చిన భాగవతులకి అన్నం పెట్టడం ఆయన పని. రాయలవారు ఈ అన్నం పెట్టడాన్ని మూడు కాలాల్లో మూడు రకాలుగా చూపించారు.

వానాకాలంలో కట్టెలు తడిసిపోతాయి. అందుకని కొబ్బరి చిప్పలు మంటపెట్టి వండుతారు. వేడి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, వడియాలు, నెయ్యి, పెరుగు. ఎండాకాలంలో వచ్చినవాళ్ళకి ముందు ఒంటికి చందనం. తర్వాత గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పల్చటి అంబలి, చెరకు రసం, కొబ్బరి నీళ్ళు, మామిడి పిందెల ఊరగాయ, చివర్లో నీళ్ళ మజ్జిగ. చలికాలంలో పొగలు కక్కే అన్నం, మిరియాల పొడి వేసిన వేడి కూరలు, ముక్కుకి ఎక్కే ఆవపచ్చడి, పాయసం, కాచిన నెయ్యి, వేడి పాలు.

చదివితే నోరూరుతుంది, నిజమే. కానీ అసలు విషయం గమనించండి. మూడు కాలాల్లో విస్తరి మొత్తం మారిపోయింది. కట్టెలు లేవని వానాకాలంలో వంట మానలేదు, కొబ్బరి చిప్పలు వెతుక్కున్నారు. ఎండాకాలంలో వడ్డించిందే చలికాలంలోనూ పెడతానని పట్టుబట్టలేదు. మారనిది ఒక్కటే, ఇంటికొచ్చిన భక్తుడికి అన్నం పెట్టడం. మార్పుని ఒప్పుకోవడం అంటే ఇదే అని నాకు అర్థమైంది. ఏది సేవ, ఏది విస్తరి అని వేరు చేసి చూసుకోవాలి. విస్తరిని కాలానికి వదిలెయ్యాలి. సేవని పట్టుకోవాలి.

మనం సాధారణంగా దీనికి తిరగేసి చేస్తాం. పాత ఊరు, పాత టీమ్, పాత అలవాటు అన్నీ అలాగే ఉండాలంటాం. కొత్త షిఫ్టు వచ్చిందని రోజూ చేసే జపం మాత్రం ముందు వదిలేస్తాం.

ఇంకో ముచ్చట. వానాకాలం వర్ణనలో రాయలవారు మబ్బులూ నెమళ్ళ దగ్గరే ఆగిపోలేదు. నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగి, తడి కట్టెలు అంటుకోక, పొగలో కళ్ళు మండుతూ ఊదుకుంటూ వంట చేసే ఆడవాళ్ళని రాశారు. చేను కాపలా కాస్తూ చెంచలి, తుమ్మి లాంటి ఆకుకూరల్ని చింతచిగురుతో కలిపి వండుకు తినే రైతుల్ని రాశారు. సింహాసనం మీద కూర్చున్న మనిషికి పొగ పొయ్యి సంగతి తెలిసిందంటే, ఆయన ఎంత శ్రద్ధగా చూసి ఉంటారో ఆలోచించండి.

నాలుగు నెలల కోసం ఎనిమిది నెలలు

కావ్యంలో ఎండాకాలం మధురైలో వస్తుంది. అక్కడి పాండ్యరాజు ఒక వేసవి రాత్రి భోగాల కోసం బయల్దేరాడు. దారిలో ఒక అరుగు మీద పడుకున్న బ్రాహ్మణుడు తనలో తాను చదువుకుంటున్న నీతి మాట ఆయన చెవిన పడింది. దాని సారం ఇది: వానాకాలపు నాలుగు నెలల కోసం మిగతా ఎనిమిది నెలలూ, రాత్రి కోసం పగలూ, ముసలితనం కోసం వయసులోనూ, పరలోకం కోసం ఇక్కడ ఉండగానే పాటుపడాలి.

రాజు అక్కడే ఆగిపోయాడు. తన వయసు అయిపోతోంది, తాను దేనికీ సిద్ధపడలేదు అని తెలిసింది. వెనక్కి తిరిగి వెళ్ళి, మోక్షమిచ్చే దైవం ఎవరో తేల్చమని పండితుల సభ పెట్టాడు. ఆ సభకే స్వామి విష్ణుచిత్తుణ్ణి పంపించాడు. కథ అక్కడి నుంచి కదులుతుంది.

మా డెల్టాలో ఈ మాట ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. సార్వా వరి కోతకి ముందే, పైరు ఇంకా నిలబడి ఉండగానే, ఆ చేలోనే మినుములు చల్లేస్తారు. వరి కోసేసరికి కింద మినుము మొలక వచ్చి ఉంటుంది. నేలలో మిగిలిన తేమతో, మంచుతో అది పండుతుంది. ఒక కాలం అయిపోకముందే తర్వాతి కాలపు విత్తనం నేలలో పడిపోతుందన్నమాట. తర్వాత మినుముకి పల్లాకు తెగులు, బంగారుతీగ ఎక్కువైతే చాలామంది రైతులు దుక్కి దున్నకుండానే వరి మోళ్ళ మధ్య మొక్కజొన్న వెయ్యడం మొదలుపెట్టారు. పంట మారింది. సేద్యం ఆగలేదు. విష్ణుచిత్తుడి వంటింట్లో కొబ్బరి చిప్పలు గుర్తొచ్చాయా?

రాజ్యం వదిలిన యామునుడు

ఆముక్తమాల్యదలో ఇంకో రాజు ఉన్నాడు, యామునాచార్యుడు. వాదంలో గెలిచి రాజ్యం సంపాదించి భోగాల్లో మునిగిపోయాడు. ఆయన తాతగారు నాథముని పరంపరలోని శ్రీరామమిశ్రుడికి ఈయన్ని ఎలా మార్చాలో తెలియలేదు. ముళ్ళముస్తె అనే ఆకుకూర రాజుగారి వంటింటికి రోజూ పంపించడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి ఆపేశాడు. కూర ఏమైందని రాజు అడిగాడు. అలా పరిచయం చేసుకుని, మీ తాతగారు దాచిన నిధి చూపిస్తాను రమ్మని శ్రీరంగం తీసుకెళ్ళి రంగనాథుణ్ణి చూపించాడు.

యామునుడు ఆ నిధి చూశాక రాజ్యం వద్దనుకున్నాడు. కొడుకుని కూర్చోబెట్టి రాజనీతి అంతా చెప్పి, రాజ్యం అప్పగించి వెళ్ళిపోయాడు. చెరువులు తవ్వించడం, పన్నులు తేలిక చెయ్యడం, అడవి జాతులని దగ్గర చేసుకోవడం, ఇలాంటివన్నీ ఆ రాజనీతిలో ఉన్నాయి. రాయలవారు తన అనుభవాన్నే యామునుడి నోట చెప్పించారు. తల్లి పేరుతో కట్టించిన నాగలాపురం దగ్గర పెద్ద చెరువు తవ్వించిన మనిషి కదా.

ఇక్కడిదాకా కావ్యం. వయసు మళ్ళితే ముందే సిద్ధపడాలి, సమయం వచ్చినప్పుడు కొడుకు చేతిలో పెట్టి వదిలెయ్యాలి. చక్కగా, శాంతంగా ఉంది.

1524

1520లో రాయచూరు గెలిచారు. అదే ఆయన విజయాల్లో పతాకస్థాయి. 1521లో చివరిసారి తిరుమల వచ్చారు. 1524లో, కావ్యంలో యామునుడు చేసినట్టే, తాను బతికి ఉండగానే కొడుకు తిరుమలరాయలికి పట్టాభిషేకం చేశారు. పిల్లవాడికి 6 ఏళ్ళని నూనిజ్ రాశాడు. నెలల తరబడి సంబరాలు జరిగాయి. ఆ సంబరాల మధ్యలోనే పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడు.

ఎనిమిది నెలలు కష్టపడితే నాలుగు నెలల వానకి సిద్ధపడొచ్చు. దీనికి ఎలా సిద్ధపడతాం? శిశిరం తర్వాత వసంతం వస్తుందని చెప్పొచ్చు. బిడ్డ పోయిన ఇంట్లో ఆ మాట చెప్పగలమా?

తర్వాత జరిగింది చెప్పడం కష్టంగానే ఉంది. తిమ్మరుసు కుటుంబమే విషం పెట్టించిందన్న మాట రాజుగారి చెవిన పడిందనీ, ఆయన నమ్మారనీ, తిమ్మరుసుని కొడుకులతో సహా చెరలో పెట్టించి కళ్ళు తీయించారనీ నూనిజ్ రాశాడు. ఒకప్పుడు మేక కళ్ళు చూపించి తన కళ్ళని కాపాడిన మనిషి కళ్ళు.

మనం మహాపురుషుల కథలు చెప్పేటప్పుడు ఇలాంటివి దాటేస్తాం. నేను దాటెయ్యదలచుకోలేదు. ఋతువుల గురించి అంత బాగా తెలిసిన మనిషికి కూడా, తన ఇంట్లో కాలం అలా మారినప్పుడు చెయ్యి వణికింది. పోయినదాన్ని పోయిందని ఒప్పుకోలేకపోతే మనసు ముందు ఒక దోషిని వెతుకుతుంది. ఎవరో ఒకరు కారణం కావాలి. దగ్గరివాళ్ళే దొరుకుతారు. ఉద్యోగం పోయినప్పుడు, సంబంధం తప్పిపోయినప్పుడు, ఇంట్లో పెద్దవాళ్ళు పోయినప్పుడు మన ఇళ్ళల్లో మొదలయ్యే మాటలు గుర్తుచేసుకోండి. నువ్వు ఆ రోజు అలా చెయ్యకపోతే అని మొదలవుతాయి. అక్కడ మన తిమ్మరుసులు ఎవరో మనకి తెలుసు.

శరత్తులో పున్నమి

కథ అక్కడితో అయిపోలేదు. రాయలవారి ఆరోగ్యం దెబ్బతింది. బెళగావి మీదికి వెళ్ళాలని సన్నాహాలు చేస్తుండగానే మంచం పట్టారు. అప్పటికి ఇంకో పసి కొడుకు ఉన్నాడు. ఆ బిడ్డని సింహాసనం మీద కూర్చోబెట్టమని అనొచ్చు. ఆయన అలా అనలేదు. చంద్రగిరి కోటలో నిర్బంధంలో ఉన్న తన సవతి తమ్ముడు అచ్యుతరాయల పేరు చెప్పారు. పసివాణ్ణి కూర్చోబెడితే రాజ్యం నిలవదని ఆయనకి తెలుసు. వీరనరసింహరాయలు చిన్న కొడుకు కోసం తమ్ముడి కళ్ళు అడిగాడన్న కథ నిజమైతే, ఈయన చివరి రోజుల్లో దానికి సరిగ్గా ఎదురు పని చేశారు. తన కొడుకుని పక్కన పెట్టి, చెరలో ఉన్న తమ్ముణ్ణి పిలిపించారు.

నేను దీన్ని విష్ణుచిత్తుడి వంటిల్లు అంటాను. అనుకున్న కట్టెలన్నీ తడిసిపోయాయి. తిమ్మరుసు లేడు, పెద్ద కొడుకు లేడు, ఒంట్లో బలం లేదు. రాజ్యాన్ని కాపాడటం అనే సేవ మాత్రం మిగిలింది. ఉన్న కొబ్బరి చిప్పలతోనే దాన్ని చేశారు.

కర్ణాటకలో తుమకూరు దగ్గర హొన్నేనహళ్ళిలో దొరికిన శాసనం ఆయన నిర్యాణం తేదీ చెప్తుంది: 1529 అక్టోబర్ 17, ఆదివారం. పౌర్ణమి, చంద్రగ్రహణం. అది శరత్కాలం. వానలు వెలిసి, దారులు ఆరి, సైన్యాలు కదిలే కాలం. ప్రతి ఏడాదీ ఆయన బయల్దేరే కాలం. ఆ ఏడాది కూడా ఆ కాలంలోనే బయల్దేరారు.

మనం చెయ్యగలిగింది

ఏసీ గదిలో కూర్చునే మనకి ఋతువు మారిందని యాప్ చెప్తే గానీ తెలియడం లేదు. మన పెద్దలు అందుకే పండగలు పెట్టారేమో. తొలి ఏకాదశికి పేలపిండి, ఉగాదికి వేపపువ్వు, ధనుర్మాసంలో తెల్లవారుజామున వేడి పొంగలి. ప్రతి ఋతువులోనూ నైవేద్యం మారుతుంది, స్వామి మారడు. ఇది మనకి చిన్నప్పటి నుంచి ఇస్తున్న శిక్షణే.

ఈ ధనుర్మాసంలో మీ దగ్గర్లోని గుడిలో గోదాదేవి పాశురాలు 30 రోజులూ వినిపిస్తాయి. వీలైనన్ని రోజులు వెళ్ళండి. ఒక చిన్న పని కూడా చెయ్యండి. ఒక కాగితం తీసుకుని రెండు వరసలు గియ్యండి. ఒక వరసలో మీ జీవితంలో ఏది విస్తరో రాయండి: ఊరు, జీతం, హోదా, టైమింగ్స్. రెండో వరసలో ఏది సేవో రాయండి: అమ్మానాన్నలకి రోజూ ఫోన్, నిత్యపూజ, ఆకలితో వచ్చినవాళ్ళకి అన్నం, చేసే పనిలో నిజాయితీ. కాలం మొదటి వరసని ఎలాగూ మార్చేస్తుంది. రెండో వరస మీ చేతిలో ఉంది.

ఒకవేళ ఈ ఏడాది మీ ఇంట్లో రాయలవారికి 1524లో వచ్చినలాంటి కాలం వచ్చి ఉంటే, ఆ రెండో వరసలో ఒక్కటి పట్టుకున్నా చాలు. దోషిని వెతకకండి. పక్కన ఉన్నవాళ్ళ చెయ్యి పట్టుకోండి.

గోదా రంగనాథుల అనుగ్రహం మన అందరికీ కలగాలని కోరుకుంటూ,
జై శ్రీమన్నారాయణ!